జ్వరం వెనక జ్వరం

ప్రియమైన మీకు,

ఓడ రేవులో ఆగిన రోజున మీరు వేసిన ఉత్తరం మొన్న మధ్యాహ్నం అందింది. ఇక్కడ నేనూ, అత్తయ్యా, మన బుడంకాయా ముగ్గురం క్షేమం. ఉత్తరం మొదట్లో రాయాలి కాబట్టి రాసిన మాట కాదిది. లేచి వెళ్ళి ఇద్దర్నీ కళ్ళారా చూసొచ్చి మరీ రాస్తున్నాను. మీరూ ఒంట్లో బాగుండి, వేళకి తింటున్నారనీ, ఇంజను గదిలోకి వెళ్ళేటప్పుడు చెవులకి పెట్టుకోవాల్సినవి పెట్టుకుంటున్నారనీ తలుస్తాను. పెట్టుకోక చెవులు పాడుచేసుకుంటే, ఇంటికొచ్చాక నా మాట వినకపోవడానికి మీకొక సాకు దొరుకుతుంది. ఆ సదుపాయం నేను ఇవ్వదలచుకోలేదు.

మీరడిగిన వాటికి వరసగా జవాబులు చెప్తాను. నా డ్రైవింగ్ స్కూలు కారుకి క్లచ్ ప్లేటు మార్పించాను. దోషం గేరుబాక్సులో లేదు, నేర్చుకునేవాళ్ళ కాళ్ళలో ఉంది. కొత్తగా చేరిన బ్యాంకు ఆఫీసరుగారు మలుపు దగ్గర సిగ్నల్ వెయ్యండి అంటే ఠక్కున వైపర్ వేస్తారు. మండుటెండలో అద్దం తుడుచుకుంటూ వెళ్ళే మా కారంటే ఈ వీధిలో పిల్లలకి మహా ఇష్టం. బుడంకాయకి ఊడిన ముందుపళ్ళు రెండూ మళ్ళీ వచ్చేశాయి. మనిషి కన్నా పళ్ళే పెద్దవి. వంటింటి కిటికీలోంచి కారే నీళ్ళు ఆగాయి. మేస్త్రీ వచ్చి ఏదో పూసి వెళ్ళాడు.

ఇక మీ చివరి ప్రశ్న. "నేనెప్పుడు ఫోన్ చేసినా అమ్మ నిద్రపోతోందనో, స్నానానికి వెళ్ళిందనో, పక్కింట్లో ఉందనో చెప్తున్నావు. తెల్లవారకముందే లేచి ఊరిని లేపే మనిషి అంతసేపు నిద్రపోవడమేంటి? నిజం చెప్పు, మీ ఇద్దరికీ పేచీ వచ్చిందా?" అని రాశారు. అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు కాబట్టి మీకా అనుమానం రావడం తప్పు కాదు. పేచీ ఒకటి వచ్చిన మాట కూడా నిజమే. అది మాత్రం మీరనుకునే రకం కాదు.

కుర్చీలో కూర్చుని చదవండి. కథల పుస్తకమైనా చివరి పేజీ ముందు చూసే అలవాటు మీది కాబట్టి నేనే ముందుగా చెప్పేస్తున్నాను: అత్తయ్య బతికి ఉంది, ఇంట్లో ఉంది, ఇప్పుడే నా మీద విసుక్కుంది కూడా. ఆవిడకి పెద్ద జబ్బు చేసింది. ఒకటి కాదు, రెండు. ఒకదాని వెనక ఒకటి నక్కి వచ్చాయి.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మొదలైంది. అప్పుడు ఊళ్ళో ఇంటికొకరు డెంగీతో మంచాన పడి ఉన్నారు. అత్తయ్య మాత్రం రోజూ పొద్దున్నే తన బూట్లు బిగించుకుని పాత ఆటస్థలానికి వెళ్ళి నడిచి వచ్చేది. అక్కడ గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. కోసే దిక్కు లేదు. వాచ్‌మన్ పెంచే గోధుమరంగు కుక్క ఆవిడ కోసం గేటు దగ్గర కాచుక్కూర్చునేది. నడక అయ్యాక ఆవిడ బెంచీ మీద కూర్చుని దాని చెవుల్లోంచి గోమార్లు ఏరి గోటితో నలిపేది. వద్దత్తయ్యా, రక్తం తాగే పురుగులవి, అంటే, "పాపం, నోరు లేని జీవి, దానికి చేతులు కూడా లేవు, నాకున్నాయి" అనేది. డ్రిల్లు టీచరు కదా. రిటైరై ఎన్నేళ్ళయినా ఎదటివాళ్ళని శుభ్రంగా నిలబెట్టడం ఆవిడకి పోలేదు, అది పిల్లలైనా, కుక్కలైనా.

ఒకరోజు నడక మధ్యలోనే తిరిగొచ్చి దుప్పటి కప్పుకుంది. నుదురు ముట్టుకుంటే పెనంలా ఉంది. "జ్వరమొచ్చింది" అన్నాను. "నాకా? జ్వరానికి నేనంటే భయం" అంది పళ్ళు కొట్టుకుంటూనే. వీధి చివర డాక్టరుగారి దగ్గరికి బలవంతాన తీసుకెళ్ళాను. ఆయన రక్తం తీయించాడు. డెంగీ అని తేలింది. "దీనికి ప్రత్యేకం మందు లేదమ్మా. నీళ్ళు బాగా తాగించు, జ్వరం బిళ్ళ వెయ్యి, రక్తకణాలు పడిపోకుండా రోజు మార్చి రోజు చూద్దాం. నాలుగైదు రోజుల్లో దిగుతుంది" అన్నాడు. ఆ పెద్దమనిషిని నేను తప్పుపట్టను. ఆయన చెప్పింది తప్పు కాదు. ఉన్నది డెంగీయే. ఉన్నది అదొక్కటే కాదని అప్పుడు ఎవరికీ తెలియదు.

పక్కింటి టైలరుకి కూడా అదే వారంలో డెంగీ వచ్చింది. అతను జ్వరం దిగి లేచి మిషను ముందు కూర్చున్నాడు. అత్తయ్యకి దిగలేదు. తలనొప్పి అంటూ కళ్ళు తెరిచేది కాదు. మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర ఎర్రటి మచ్చలు లేచాయి. డెంగీలో కూడా వస్తాయి అన్నారు. సరే అనుకున్నాను. మర్నాటికి అరిచేతుల్లో, అరికాళ్ళలో కూడా వచ్చాయి. నాకెందుకో మనసు కుదుటపడలేదు.

ఆ రోజు ఒక పాఠం ముగించి, ఇంకో పాఠానికి వెళ్ళే ముందు ఇంటికొచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. స్నానాలగదిలో నేల మీద కూర్చుని బక్కెట్లని వరసలో పెట్టి, "ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆ చివరివాడు గూని తియ్యాలి" అంటోంది. నవ్వు రావాల్సిన సంగతే. నాకు మాత్రం రాలేదు. "అత్తయ్యా" అంటే నావైపు చూసి, "నువ్వు ఏ బడి నుంచి వచ్చావు?" అని అడిగింది.

బుడంకాయని పక్కింట్లో అప్పగించి, ఆవిడని రెండు చేతులా ఎత్తి కారులో పడుకోబెట్టాను. కారు నెత్తి మీద 'నేర్చుకుంటున్న బండి' అన్న బోర్డు అలాగే ఉంది, తీసే తీరిక లేదు. ఆ బోర్డు పెట్టుకుని అంత వేగంగా వచ్చే కారుని చూసి బస్సులు కూడా పక్కకి తప్పుకున్నాయి. ఆ రోజు నాకు దారిచ్చింది ధర్మం కాదు, భయం.

పెద్దాసుపత్రిలో చేర్చుకున్నారు. వార్డు డ్యూటీ డాక్టరు చిన్నవాడు, మంచివాడు. కాకపోతే పడకలన్నీ డెంగీ వాళ్ళతో నిండిపోయి పాపం ఊపిరి సలపకుండా తిరుగుతున్నాడు. చేతిలో డెంగీ రిపోర్టు చూశాడు, ప్లేట్లెట్లు తక్కువున్నాయని చూశాడు, సెలైన్ పెట్టించాడు. "డెంగీ అండి, ఓపిక పట్టాలి" అన్నాడు. మర్నాడూ అదే మాట. ఆవిడకేమో జ్వరం ఎక్కుతోంది, ఊపిరి బరువవుతోంది, మనిషిని గుర్తుపట్టడం లేదు.

"డాక్టరుగారూ, ఓపిక నాకు చాలా ఉంది. వైపరుకీ సిగ్నలుకీ తేడా తెలియని వాళ్ళకి బండి నేర్పుతాను. ఆవిడకి లేదు. మీ పైవాళ్ళకి చూపించండి" అన్నాను.

"మేడం రౌండ్స్‌కి రేపొస్తారండి."

"ఇవాళ ఎక్కడున్నారు?"

చెప్పకుండా ఉండాల్సింది, పాపం చెప్పేశాడు. పై అంతస్తులో ఆ మేడం గది తలుపు దగ్గర నిలబడ్డాను. అటెండరు రెండుసార్లు వెనక్కి పంపించాడు. రెండుసార్లూ మెట్లు దిగి, మళ్ళీ ఎక్కాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండిది మంత్రికన్నా బలవంతురాలై ఉంటుంది. చివరికి పెద్ద డాక్టరమ్మే బయటికొచ్చింది. పొట్టి మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. "ఏంటమ్మా నీ గొడవ?" అంది. "మా అత్తయ్యకి జ్వరం దిగట్లేదు. దిగాల్సిన రోజు దాటిపోయింది" అన్నాను. నాతో పాటే మెట్లు దిగింది.

మంచం పక్కన నిలబడి ఆవిడ ముందుగా కాగితాలు చూడలేదు. అత్తయ్య చెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పి చూసింది. తర్వాత దుప్పటి తొలగించి అరికాళ్ళు చూసింది.

"డెంగీ అయితే ఈపాటికి జ్వరం దిగిపోయి, అసలు చిక్కులు ఆ తర్వాత మొదలవ్వాలి. ఈమెకి ఎక్కుతోంది" అంది డ్యూటీ డాక్టరుతో. నావైపు తిరిగి, "ఈమె ఎక్కడెక్కడ తిరుగుతుంది?" అని అడిగింది.

"ఆటస్థలంలో నడుస్తుందండి. గడ్డి బాగా పెరిగింది అక్కడ."

"కుక్కలూ, పశువులూ?"

"ఒక కుక్క ఉంది. దాని ఒంటి మీద గోమార్లు ఏరి గోటితో నలుపుతుంది. చెప్తే వినదు."

డాక్టరమ్మ మెడలో కళ్ళజోడు పెట్టుకుని అత్తయ్య అరచెయ్యి మళ్ళీ చూసింది. తర్వాత, "ఒళ్ళంతా పరీక్ష చేశారా?" అంది.

"చెయ్యనివ్వలేదు మేడం. నర్సు చెయ్యి విసిరికొట్టారు. బట్టలు వదలట్లేదు" అన్నాడు కుర్రడాక్టరు.

"నువ్వు కోడలివా? అయితే నువ్వు చూడు. మెడ వెనక, జుట్టు లోపల, చంకలు, నడుము, తొడల మొదళ్ళు. ఏ మడతా వదలకు. నల్లటి చెక్కు కట్టిన చిన్న పుండు ఉంటుంది, సిగరెట్టుతో చురక పెట్టినట్టు. నొప్పి పుట్టదు కాబట్టి వాళ్ళకే తెలియదు. ఒక్కోసారి తెలిసినా చెప్పరు."

ఇదిగో, మీరడిగిన పేచీ ఇక్కడ వచ్చింది. తెర లాగి మా ఇద్దర్నీ వదిలేశారు. మీ అమ్మ సంగతి మీకు తెలుసు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ చీలమండ పైన నేను చూసింది లేదు. జలుబు చేస్తే వీపుకి మందు కూడా తనే రాసుకుంటుంది, చెయ్యి అందకపోతే గోడకి రాసి గోడకి ఆనుకుంటుంది. మెడ చూశాను, జుట్టు పాయలు తీసి చూశాను. బట్టల మీద చెయ్యి వేసేసరికి ఆవిడకి ఎక్కడ లేని తెలివీ వచ్చింది.

"ముట్టుకోకు" అంది.

"అత్తయ్యా, నేనే. చూడాలి."

"నాకేం లేదక్కడ. పో."

"ఎంతమంది పిల్లల మోకాళ్ళు కడిగారు మీరు? ఎంతమందికి నిక్కర్లు మార్చారు?"

"వాళ్ళు పిల్లలు."

"ఇవాళ్టికి మీరు నాకు పిల్లే."

చెంప మీద కొట్టింది. జ్వరంలో ఉన్న మనిషి దెబ్బ అనుకునేరు, డ్రిల్లు టీచరు దెబ్బ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ రెండు చేతులూ నా ఎడమ చేత్తో అదిమి పట్టుకుని, కుడి చేత్తో చూడాల్సింది చూశాను. ఆవిడ ఏడ్చింది. మీ అమ్మ ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి, మావయ్యగారు పోయినప్పుడు కూడా తలుపేసుకుని ఏడ్చిన మనిషి. నేనూ ఏడుస్తున్నాను, కానీ ఆపలేదు. అప్పుడు కనిపించింది. ఎడమ తొడ మొదట్లో, మడతలో, మిరియం గింజంత నల్లటి చెక్కు. చుట్టూ ఎర్రటి వలయం.

"ఇదెప్పటి నుంచి అత్తయ్యా?" అని అడిగాను.

పోరాటం మానేసి మొహం అటు తిప్పుకుంది. "చాలా రోజులైంది. గోకితే పుండయిందనుకున్నాను. ఇలాంటి చోటు సంగతి ఎవరితో చెప్తాం?" అంది, ఎంతో మామూలుగా, ఎంతో సిగ్గుగా. తర్వాత మళ్ళీ బక్కెట్లకి డ్రిల్లు మొదలుపెట్టింది.

డాక్టరమ్మ తెర లోపలికి వచ్చి చూసి తలూపింది. "గోమారి కుట్టిన చోటిది. దాని నోట్లోంచి దిగిన క్రిమి వల్ల వచ్చే జ్వరం ఇది. డెంగీ ఉంది, దాని వెనక ఇదీ ఉంది" అంది. పులి మీద పుట్ర అంటారే, అచ్చం అదే.

కుర్రడాక్టరు చేతిలోని రిపోర్టు మళ్ళీ తిరగేశాడు. "డెంగీ పాజిటివ్ వచ్చింది కదా మేడం, అందుకే నేను..." అన్నాడు.

"ఇంట్లో ఒక దొంగ దొరికాడని, మంచం కింద రెండోవాడు లేడనుకుంటామా? డెంగీకి మందు లేదు, దీనికుంది. డాక్సీసైక్లిన్ ఇప్పుడే మొదలుపెట్టు."

"రక్తం పంపి, రిపోర్టు వచ్చాక మొదలుపెడదామా మేడం?"

"రిపోర్టు వచ్చేసరికి ఈవిడ ఉండాలి కదా" అంది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నాకింకా చెవుల్లో ఉంది.

మందు ఎక్కడం మొదలైంది. మొటిమలకి కూడా ఇచ్చే పాత మందేనట. అంత మామూలు మందు కోసం మనిషి అంచు దాకా వెళ్ళిపోయింది. కానీ ఆలస్యం వల్ల జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది. ఈ రెండు జబ్బులూ రక్తనాళాల గోడల్నే గుల్ల చేస్తాయట. నాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. సెలైన్ ఎక్కువ పెడితే ఊపిరితిత్తులు నిండుతాయి, తక్కువ పెడితే మూత్రపిండాలు మొరాయిస్తాయి. ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా, ముందుకి దూకకుండా సగం క్లచ్చి మీద నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ కుర్రడాక్టరు ఆ పని చేశాడు. ఐసీయూలో ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని, ఒంట్లోకి ఎంత పోతోంది, బయటికి ఎంత వస్తోంది అని చూస్తూ చుక్కలు పెంచుతూ తగ్గిస్తూ కూర్చున్నాడు. డ్యూటీ అయిపోయాక కూడా కదల్లేదు. అందుకే అతని మీద నాకు కోపం నిలవలేదు.

అయినా ఊపిరి అందక గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. "ఈవిడకి కొడుకు ఉన్నాడన్నావు, కబురు చేశావా?" అని డాక్టరమ్మ అడిగింది. సరిగ్గా ఆ రోజే నడిసముద్రంలోంచి మీ ఫోను. ఐసీయూ బయట వరండాలో ఎత్తాను. గాలి హోరులో మీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. "అమ్మేది?" అన్నారు. "నిద్రపోతోంది" అన్నాను. అబద్ధం కాదు, మత్తు మందిచ్చి వాళ్ళే నిద్రపుచ్చారు. నిజం కూడా కాదు. ఫోను పెట్టేశాక గోడకి ఆనుకుని నిలబడి నాకు నేను చెప్పుకున్నాను, ఈ మనిషిని లేపి నిలబెట్టాకే ఈ మాట ఆయనతో చెప్తాను అని. ఎలా నిలబెడతానో తెలియదు. చేతుల్లో ఏమీ లేనప్పుడే పట్టుదల ఎక్కువ వస్తుంది కాబోలు.

మందు మొదలుపెట్టిన రెండో రోజుకి జ్వరం విరిగింది. నర్సు వచ్చి, "మీ అత్తగారి ఒళ్ళు చల్లబడింది" అంది. ఆ మాట ఎలా వినపడుతుందో ఆ పిల్లకి తెలియదు. లేచి మంచం దగ్గరికి పరిగెత్తాను. జ్వరం తగ్గిందని చెప్పడమట అది. తర్వాత కొన్నాళ్ళకి గొట్టం తీశారు. బయటికి పంపిన రక్తం రిపోర్టు కూడా ఆ తర్వాతే వచ్చింది. డాక్టరమ్మ అన్నదే నిజం. గొట్టం వల్ల అత్తయ్య గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప మాట వచ్చేది కాదు. మీతో మాట్లాడించకపోవడానికి సగం కారణం అదే. అలాంటి గొంతు వింటే మీరు సముద్రంలోకి దూకి ఈదుకుంటూ వచ్చేసేవారు.

మిగతా సగం కారణం ఇప్పుడు చెప్తాను. ఇంతదాకా రాసి, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

తెలివొచ్చాక అత్తయ్య ఊదినట్టు అన్న మొదటి మాట "నా బూట్లేవి?" అని. నేను ఆవిడ కాళ్ళవైపు చూడలేకపోయాను. ఆ జబ్బు చిన్న చిన్న రక్తనాళాల్ని మూసేసింది. కుడికాలి చిటికెనవేలికీ, దాని పక్క వేలికీ నెత్తురు అందలేదు. అవి నల్లబడ్డాయి. తిరిగి రంగొస్తుందేమోనని సర్జన్ చాలా రోజులు ఆగి చూశాడు. రాలేదు. ఆ రెండు వేళ్ళూ తీసేశారు. అత్తయ్య కుడిపాదానికి ఇప్పుడు మూడు వేళ్ళే ఉన్నాయి.

ఆపరేషనుకి ముందు నేను ఫోను చేతిలో పట్టుకుని, "ఇక ఆయనకి చెప్పాల్సిందే అత్తయ్యా. నా ఒక్కదాని వల్ల కాదు" అన్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. గొంతు లేదుగా, చెవిలో చెప్పాలి.

"వాడు ఇంజన్ల దగ్గర పనిచేస్తాడు. మనసు ఇక్కడ పెట్టి చేతులు అక్కడ పెడితే, వాడి వేళ్ళు పోతాయి. నావి పోయాయి చాలు. నేను లేచి నడిచేదాకా చెప్పకు" అంది.

ఆపరేషనుకి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం కూడా ఆవిడే పెట్టింది. నేను పక్కన నిలబడ్డాను. ఆవిడ నన్ను ఒట్టు వెయ్యమనలేదు. నేనే ఒప్పుకున్నాను, నాకూ ఆ మాట న్యాయంగా తోచింది. అప్పటి నుంచి మీకు స్నానాలూ, నిద్రలూ, పక్కిళ్ళూ చెప్తూ వచ్చాను. మీకు కోపం రావాలి, వస్తుంది. కన్నతల్లి సంగతి దాచడానికి నువ్వెవరు అనండి. కోప్పడండి, పడతాను. కానీ మళ్ళీ అలాంటి రోజు వస్తే, మళ్ళీ ఇదే చేస్తాను. ఇది కూడా దాచకుండా చెప్పేస్తున్నాను. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఓడని మరమ్మతుకి కట్టేశారనీ, ఇంజన్లు ఆపేశారనీ మీరే రాశారు. పైగా మీ ఉత్తరం చదివి అత్తయ్యకి పౌరుషం వచ్చింది. "నీకూ నాకూ పేచీ అంటాడా? రాసెయ్, అంతా రాసెయ్. చెంపదెబ్బతో సహా రాయి" అంది.

చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు. మనకి కన్ను పోలేదు, కాలి వేళ్ళతో సరిపెట్టుకున్నాం. అవి చిన్నవే అనుకున్నాను. కానీ నిలబడాలంటే వాటి విలువ తెలుస్తుందట. మొదట్లో పక్కకి ఒరిగిపోయేది. రెండుసార్లు పడింది కూడా. వ్యాయామం చేయించడానికొచ్చిన అబ్బాయి "నెమ్మదిగా అమ్మమ్మా" అన్నాడని, వాడిని ముందు నిటారుగా నిలబడమంది. వాడు భయపడి నిలబడ్డాడు. ఆ తర్వాత ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకు తెలియలేదు. పోయిన వారం చేతికర్ర గోడకి ఆనించేసి, మళ్ళీ దాని వంక చూడలేదు.

ఊరికే కూర్చోలేదు. కాస్త నడక రాగానే మొదట వెళ్ళింది గడ్డి కోయించని మున్సిపల్ ఆఫీసుకి. అక్కడి గుమాస్తా "దరఖాస్తు పెట్టండి, చూస్తాం" అన్నాడు. అత్తయ్య చెప్పు తీసింది. ఆయన కంగారుపడి లేచాడు. ఆవిడ తీసింది కొట్టడానికి కాదు, పాదం చూపించడానికి. "ఇది దరఖాస్తు" అంది ఆ బొంగురు గొంతుతో. ఆ వారమే కోసే యంత్రం వచ్చింది. కుక్కని పశువుల డాక్టరుకి చూపించాం. మందు పోసి, మెడకి పట్టీ కట్టాడు. వీధి చివరి డాక్టరుగారు ఇంటికొచ్చి మచ్చ చూపిస్తారా అని అడిగి, "ఇకమీదట జ్వరం దిగకపోతే ఒళ్ళంతా చూడకుండా పంపను" అన్నాడు. పాదం చూపించింది, తొడ చూపించలేదు. ఆ విషయంలో ఆవిడ ఏమీ మారలేదు.

ఇవాళ పొద్దున్న తనని ఆటస్థలానికి తీసుకెళ్ళమంది. ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకుంది, కుడి బూటు ముందు భాగంలో దూది కూరుకుంది. నేను పక్కన నడుస్తున్నాను, చెయ్యి ఆవిడ మోచేతి కింద, తగిలీ తగలకుండా. కొంత దూరం పోయాక ఆగి నా చెయ్యి వంక చూసింది. "నీ కాలు బ్రేకు మీద నుంచి తియ్యి. బండి నాది" అంది. తీశాను. గోలుపోస్టు దాకా వెళ్ళి, దాన్ని చేత్తో తట్టి, తిరిగొచ్చింది. కొంచెం కుంటుతోంది. కుంటుతూనే వేగం పెంచింది.

ఇంటికొచ్చాక నేను వంటింట్లో ఉంటే స్నానాలగదిలోంచి పిలిచింది. తలుపు తీసే ఉంది. అటు తిరిగి గోడ పట్టుకుని నిలబడింది. "గడ్డిలో నడిచొచ్చాంగా. నాకు వెనక కనపడదు. చూడు" అంది. చూశాను. మెడ, చంకలు, నడుము, మోకాళ్ళ వెనక, అన్నీ. ఏమీ లేవు. "అయిందా?" అంది. "అయింది" అన్నాను. "చెంప నొప్పి పోయిందా?" అంది, గోడవైపే చూస్తూ. ఇన్నాళ్ళకి ఇవాళ అడిగింది. తువ్వాలు అందించి బయటికొచ్చాను.

మీరు కాంట్రాక్టు మధ్యలో వదిలి పరిగెత్తుకు రావద్దు. ఇది నా మాటా, ఆవిడ మాటా. ఇంజన్లు బాగుచేసి, చేతులూ వేళ్ళూ అన్నీ వెంట పెట్టుకుని, వేళకి రండి. ఈ ఉత్తరం అందిన రోజున ఫోను చెయ్యండి. ఈసారి అత్తయ్యే ఎత్తుతుంది. గొంతు ఇంకా గరుకుగా ఉంటుంది, ఎవరో మగమనిషి అనుకుని పెట్టెయ్యకండి. ఏడవకుండా మాట్లాడండి. మీరు ఏడిస్తే "ఎటెన్షన్" అంటుందట, ఇప్పటి నుంచే ప్రాక్టీసు చేస్తోంది.

ఇట్లు,
మీ అమ్మకి కోడలు,
ఆ తర్వాతే మీకు భార్య.